మీట నొక్కితే పుట్నాల బద్ద

దగ్గరికి జరగండర్రా. చిన్నోడా, ఆ తాటి మట్ట కొంచెం లోపలికి తొయ్యి, పొగ నా మొహం మీదికే వస్తోంది. పిడకల దండలు అరుగు మీద జాగ్రత్తగా పెట్టారు కదా? మంచుకి తడిస్తే తెల్లవారుజామున భోగిమంటలో అంటుకోవు. సరే, కూర్చోండి.

పెద్దదానా, పొద్దుటినుంచీ నువ్వు అడుగుతున్నావు, నేనే పనులు కానీ అని దాటేశాను. పండగ వెళ్లగానే హైదరాబాదు వెళ్లి ఎలుకల ల్యాబులో చేరుతున్నావు. ‘అమ్మమ్మా, నువ్వు కూడా చేశావటగా, ఎలుకకి ఏం నేర్పావు’ అన్నావు. ఎలుక నాకు నేర్పింది కూడా ఉంది. రెండూ చెబుతాను విను.

అది 1974. నేను సైకాలజీ ఎమ్మే చదువుతున్నాను. ఆడపిల్లలం ముగ్గురమే. వరండా చివర ఒక గది ఉండేది, తలుపు తీస్తే చాలు, వరి ఊక వాసనా ఎలుకల వాసనా కలిసి ముక్కుకి కొట్టేది. బోనుల్లో కింద ఊక పరిచేవారు, అది తడిసినప్పుడల్లా మార్చాలి. ఎలుకలంటే మన గాదె కింద తిరిగే పందికొక్కులు కావు. తెల్లగా, ఎర్ర కళ్లతో, అరచేతిలో పెట్టుకుంటే వెచ్చగా ఉండే జాతి. విస్టార్ ఎలుకలు అంటారు. అమెరికాలో ఫిలడెల్ఫియాలో విస్టార్ ఇన్‌స్టిట్యూట్ అని ఉంది, 1906లో ప్రయోగాల కోసమని అక్కడ ఒకే తీరుగా పెంచడం మొదలుపెట్టిన వంశం. ఆ వంశం నడిచి నడిచి మా వరండా దాకా వచ్చింది.

అన్నీ ఒక్కలాగే ఉంటాయి కాబట్టి గుర్తు పెట్టుకోవడానికి పిక్రిక్ యాసిడ్‌తో మచ్చ పెట్టేవారు. పసుపు రంగు, కడిగినా పోదు. ఒకదానికి వీపు మీద, ఒకదానికి తోక మొదట్లో, నా దానికి తల మీద. మా అటెండరు దాన్ని చూసి ‘మీది బొట్టుదమ్మా’ అనేవాడు. ఆ పేరే ఖాయమైంది. మగ ఎలుక, అయినా బొట్టుదే.

మా పెట్టె వడ్రంగి చేసింది. ముందు వైపు అద్దం, లోపల గోడకి ఒక ఇత్తడి మీట, దాని పక్కనే రేకు గిన్నె. గిన్నెలోకి పైనించి ఒక గొట్టం. మీట నొక్కితే బయట చిన్న బల్బు వెలుగుతుంది, వెంటనే మనం గొట్టంలోంచి పుట్నాల పప్పు బద్ద ఒకటి వదలాలి. అమెరికాలో ఆ పని యంత్రమే చేస్తుంది, మా దగ్గర చెయ్యే యంత్రం. బద్దని కూడా నాలుగు ముక్కలు చేసేవాళ్లం. పెద్ద ముక్క పెడితే కడుపు నిండి పడుకుంటుంది.

మొదటి రోజు ఎలుకకి మీట సంగతే చెప్పకూడదు. ఉట్టినే ముక్క వదలాలి. అది రేకులో పడి ఠక్కుమంటుంది. ఎలుక అదిరి మూలకి పోతుంది. మళ్లీ ఠక్. మళ్లీ ఠక్. ఇరవయ్యో ముప్పయ్యోసారికి ఆ చప్పుడు వినగానే ఎక్కడున్నా గిన్నె దగ్గరికి వస్తుంది. అప్పుడు పని మొదలు. మీట వైపు తల తిప్పితే ఒక ఠక్. కాసేపటికి తల తిప్పితే ఇవ్వకూడదు, ఒక అడుగు వేస్తేనే. తర్వాత అడుగు చాలదు, మీటని వాసన చూడాలి. తర్వాత కాలు ఆనించాలి. బొట్టుది రెండో రోజు మధ్యాహ్నం ముందరి కాళ్లు రెండూ మీట మీద పెట్టి లేచి నిలబడింది. దాని బరువుకి మీట కిందికి దిగి బల్బు వెలిగింది. నా చెయ్యి వణికి ముక్క కింద పడిపోయింది. గబగబా ఇంకోటి వదిలాను. అర సెకను ఆలస్యమైనా ఎలుక ఈలోపు మూతి తుడుచుకుందనుకో, మూతి తుడుచుకున్నందుకే గింజ వచ్చిందని నేర్చుకుంటుంది. ఆ పూట అది పదకొండుసార్లు నొక్కింది. నేను హాస్టలు దాకా పరిగెత్తుకుంటూ వెళ్లాను.

ఈ పెట్టె పుట్టించినాయన స్కిన్నర్. 1904లో పెన్సిల్వేనియాలో చిన్న ఊళ్లో పుట్టాడు. కథలు రాద్దామనుకుని, అది కుదరక, హార్వర్డుకి వెళ్లి 1931లో పీహెచ్‌డీ తెచ్చుకున్నాడు. మీట మీదా లెక్క మీదా ఆయన కట్టినదంతా ఎక్కడ మొదలైందో తెలుసా? గింజలు చాలకపోవడంలో.

ఇప్పుడు మీకు ప్యాకెట్లలో వస్తాయి కదా పెల్లెట్లు, అప్పట్లో అవి ఉండేవి కావు. మందుల షాపులో మాత్రలు చేసే ఇత్తడి అచ్చు మీద ఆయనే పిండి కలిపి, పామి, కోసి, ఉండలు చేసుకునేవాడు. మన ఇంట్లో సున్నుండలు చుట్టినట్టే. ఎనిమిది ఎలుకలు, ఒక్కోటి రోజుకి వంద. అంటే రోజూ ఎనిమిది వందల ఉండలు. ఒక శనివారం మధ్యాహ్నం డబ్బాలో చూసుకుంటే సోమవారం పదిన్నరకల్లా అయిపోయేలా ఉన్నాయి. సాయంత్రమంతా అచ్చు ముందు కూర్చోవాలి. అప్పుడు ఆయన తనని తాను ఒక ప్రశ్న అడిగాడు. ‘నొక్కిన ప్రతిసారీ ఎందుకివ్వాలి? నిమిషానికి ఒక్కటిస్తే?’

ఇచ్చి చూశాడు. ఎలుక మానేస్తుందనుకుంటాం కదా? మానలేదు. నొక్కుతూనే ఉంది, అదీ ఒక పద్ధతిలో. ఇవాళ మీరు షెడ్యూల్ అంటున్నదంతా ఆ శనివారం నుంచి వచ్చింది. గింజ ఇవ్వడాన్ని మన తెలుగు పుస్తకాల్లో పునర్బలనం అని రాస్తారు. మా మాస్టారు మాత్రం ఆ మాట వాడేవారు కాదు. ‘ఎలుకకి నువ్విచ్చిన మాట’ అనేవారు. ‘ఇన్నిసార్లు నొక్కితే ఇస్తాను, ఇంతసేపు ఆగితే ఇస్తాను, అంతే కదమ్మా. మాట ఇచ్చింది నువ్వు. నిలబెట్టుకోవాల్సిందీ నువ్వే.’

స్కిన్నర్ తరవాతి రోజుల్లో ఫెర్‌స్టర్ అనే ఆయనతో కలిసి పావురాల మీద చేసిన పనంతా 1957లో పెద్ద పుస్తకంగా వచ్చింది. పావురాలు దాదాపు 70 వేల గంటలపాటు పొడిచిన పాతిక కోట్ల పోట్లు అందులో గీతలై ఉన్నాయి. మా లైబ్రరీలో ఒక్క కాపీ, బయటికి ఇచ్చేవారు కాదు. ప్రతి పేజీలోనూ గీతలే. పావురం పొడిస్తే పెన్ను కొంచెం పైకి జరుగుతుంది, కాగితం మాత్రం ఒకే వేగంతో నడుస్తుంది. గబగబా పొడిస్తే గీత నిటారుగా లేస్తుంది, ఆగితే పడుకుంటుంది. గీతని చూసి లోపల ప్రాణి ఏం చేస్తోందో చెప్పొచ్చు. మాకు ఆ యంత్రం లేదు. నా స్నేహితురాలు గడియారం చూసి కొద్ది సెకన్లకోసారి చెప్పేది, నేను లెక్కపెట్టి గ్రాఫు కాగితం మీద చుక్క పెట్టేదాన్ని. రాత్రి చుక్కలు కలిపేదాన్ని, ముగ్గు వేసినట్టు.

నిమిషానికి ఒకసారి లెక్క మేమూ పెట్టాం. నిమిషం తిరిగాక మొదటిసారి నొక్కినప్పుడే గింజ, ఈలోపు ఎన్నిసార్లు నొక్కినా ఏమీ రాదు. మొదట ఎడాపెడా నొక్కేది. వారానికి కాలం పసిగట్టేసింది. గింజ తినగానే మూతి కడుక్కుంటుంది, మీసాలు సర్దుకుంటుంది, అద్దం దగ్గరికొచ్చి మనల్ని చూస్తుంది. నలభై సెకన్లు అయ్యేసరికి మెల్లగా వచ్చి ఒకటి నొక్కుతుంది, తర్వాత రెండు, చివరి పది సెకన్లలో మాత్రం టకటకా. చుక్కలు కలిపితే వంపు తర్వాత వంపు, చీర అంచుకి కుట్టిన లేసులా. మీ తాతయ్య పింఛను సంగతి చూడండి. ఐదో తారీఖున బ్యాంకు పేరెత్తరు, ఇరవై ఎనిమిది నుంచీ రోజుకి రెండుసార్లు ఫోను చూస్తారు. ఎలుక చేతికి గడియారం లేదు, అయినా ఆ వంపు తప్పదు.

ఇక లెక్క ప్రకారం ఇచ్చేది. ఇన్ని నొక్కులకి ఒక గింజ. దీనికి మీకు దూరం పోనక్కర్లేదు, పలాసలో జీడిపప్పు ఒలిచే ఆడవాళ్లని చూడండి. కిలోకి ఇంత అని. తెలంగాణలో బీడీలు చుట్టేవాళ్లకి వెయ్యికి ఇంత అని. ఒక లెక్క పూర్తయ్యాక చేతులు కడుక్కుని, నడుం వాల్చి, పక్కావిడతో రెండు మాటలు మాట్లాడతారు. మళ్లీ మొదలెట్టారంటే మధ్యలో తలెత్తరు. ఎలుకదీ అదే. తిన్న తర్వాత ఆగుతుంది, లెక్క పెద్దదైతే ఎక్కువసేపు ఆగుతుంది, మొదలెడితే మాత్రం చివరిదాకా ఒకే పరుగు.

నేను తప్పు చేసింది ఇక్కడే. ఒకటికి ఒకటితో మొదలెట్టి మూడు, ఐదు, ఎనిమిది, పన్నెండు, ఇరవై దాకా తీసుకొచ్చాను. బాగా నడుస్తోంది. పక్క బెంచీ అబ్బాయి ఎలుక ముప్పయ్యికి వెళ్లిందన్నాడు. నేను ఆ రోజు ఇరవై నుంచి ఏకంగా అరవైకి పెట్టాను. బొట్టుది ఇరవై నొక్కి గిన్నె వైపు తిరిగింది. ఏమీ లేదు. మళ్లీ వచ్చి నొక్కింది. ముప్పై ఐదు. నలభై. నలభై మూడు. అప్పుడు మీట వదిలేసి గిన్నెలోకి తల పెట్టి ఖాళీ రేకుని నాకింది. ఆ చప్పుడు ఇప్పటికీ నా చెవిలో ఉంది, రేకు మీద చిన్న నాలుక గీరుకున్న చప్పుడు. తిరిగొచ్చి ఇత్తడి మీటని కొరికింది. నాలుగైదు సార్లు నొక్కింది. ఆ తర్వాత మూలకి పోయి, మీటకి వీపు పెట్టి పడుకుంది.

నేను అద్దం మీద వేళ్లతో కొట్టాను. కదల్లేదు. ఇంకాస్త గట్టిగా కొట్టాను. మాస్టారు వెనకే ఉన్నారట. ‘ఎందుకు కొడుతున్నావు’ అన్నారు. ‘పని చెయ్యడం లేదు సార్’ అన్నాను. ‘అది నలభై మూడు చేసింది. నువ్వెన్ని ఇచ్చావు?’ అన్నారు. నా దగ్గర జవాబు లేదు. ‘ఎలుక తప్పు చెయ్యదమ్మా. నువ్వు పెట్టిన లెక్క తప్పవుతుంది, అంతే. పదికి దింపు’ అని వెళ్లిపోయారు.

పదికి దింపినా ఆ రోజు లేవలేదు. మళ్లీ ఒకటికి ఒకటి నుంచి మొదలుపెట్టాల్సి వచ్చింది. మూడు రోజులకి మీటని నమ్మింది. తర్వాత రెండు వారాలు పట్టింది అరవైకి, మెట్టు మెట్టుగా. ఆ అరవై అది నిమిషం లోపే నొక్కేసేది. అదే ఎలుక, అదే అరవై. మధ్యలో మారింది నా తొందర ఒక్కటే.

ఇంకొకటి ఉంది, ఎన్నికి ఇస్తావో చెప్పకుండా ఇవ్వడం. ఒకసారి మూడుకి, ఒకసారి పాతిక్కి, ఒకసారి వరసగా రెండు. సగటు మాత్రం లెక్క ప్రకారమే. దీనికి ఎలుక ఆగదు. తిన్నాక కూడా ఆగదు, మూతి కడుక్కోదు. ఎందుకంటే ఆ తర్వాతి నొక్కుకే గింజ ఉండొచ్చు. రేపు తీర్థంలో గుండాట బల్ల వేస్తారు, మీరు ఆ పక్కకి పోవద్దు కానీ దూరం నుంచి ఆడేవాడి చెయ్యి చూడండి. ఓడిన నోటు ఇంకా బల్ల మీద ఉండగానే రెండో నోటు జేబులోంచి వస్తుంది. మా నాన్నగారి తమ్ముడు ఎకరం పల్లం అలా పోగొట్టుకున్నాడు. మా ఇంట్లో అందరూ ఆయనకి బుద్ధి లేదనేవారు, నేనూ అన్నాను. ఈ పెట్టె ముందు కూర్చున్నాక ఆయన్ని అనడం మానేశాను. ఆ బల్ల తయారుచేసినవాడికి లెక్క తెలుసు. చిన్నాన్నకి తెలియదు.

ఉత్తరం కోసం గుమ్మం వైపు చూసినట్టు, ఎప్పుడొస్తుందో తెలియని కాలానికి ఇచ్చేది నాలుగోది. దానికి ఎలుక నింపాదిగా, ఒకే తీరుగా నొక్కుతూ పోతుంది. దాని సంగతి నువ్వు అక్కడే చూస్తావు.

ఇవన్నీ నేర్పాక ఇవ్వడం మానేస్తే ఏమవుతుంది? స్కిన్నర్‌కి ఇదీ అనుకోకుండానే దొరికింది. ఒక రోజు ఆయన లేనప్పుడు గింజలు వదిలే యంత్రం ఇరుక్కుపోయింది. వచ్చి చూస్తే కాగితం మీద గీత గబగబా లేచి, లేచి, మెల్లమెల్లగా వాలిపోయి ఉంది. శుక్రవారం, చెప్పడానికి ల్యాబులో ఎవరూ లేరు. ఆ రెండు రోజులూ రోడ్డు దాటేటప్పుడు మరీ జాగ్రత్తగా దాటాడట, ఈ సంగతి తనతోనే పోతుందేమోనని. ఎక్స్‌టింక్షన్ అంటారు, ఆరిపోవడం. ఈ మంట చూడండి, కట్టె అయిపోయే ముందు ఒకసారి భగ్గుమంటుంది. ఎలుక కూడా ఇవ్వడం మానెయ్యగానే ముందు ఎక్కువ నొక్కుతుంది, కొరుకుతుంది. తర్వాత తగ్గుతుంది. మర్నాడు పెట్టెలో పెడితే మళ్లీ కాస్త నొక్కుతుంది. ప్రతిసారీ గింజ తిన్న ఎలుక తొందరగా మానుతుంది. అప్పుడప్పుడూ మాత్రమే తిన్నది చాలాసేపు మానదు.

అమ్మాయ్, లోపల వింటున్నావు కదా, ఇది నీకు. చంటాడు పావుగంట ఏడ్చాక ఒక్కోసారి ఫోను చేతిలో పెడుతున్నావు. ఇవ్వదలుచుకుంటే అడగ్గానే ఇచ్చెయ్యి, లేదంటే ఎంత ఏడ్చినా ఇవ్వకు. మధ్యలో ఇచ్చావంటే వాడికి ఏడుపు నేర్పుతున్నట్టే.

పావురాల సంగతి చెప్పమని చిన్నోడు మోచేత్తో పొడుస్తున్నాడు. చెబుతాను. రెండో ప్రపంచ యుద్ధంలో విమానాల నుంచి వేసే బాంబు గురి తప్పుతోంది. స్కిన్నర్ అప్పుడు మిన్నెసోటాలో మాస్టారు. పావురాన్ని బాంబు ముక్కులో కూర్చోబెట్టి, ఎదురుగా తెర మీద కనిపించే గురిని పొడిచేలా నేర్పితే, అది పొడిచిన వైపు బాంబు తిరుగుతుందన్నాడు. మిన్నియాపొలిస్‌లో జనరల్ మిల్స్ అనే పిండి కంపెనీ తమ మిల్లు పై అంతస్తు ఇచ్చింది. 1943లో ప్రభుత్వం 25 వేల డాలర్లు ఇచ్చింది. ఎప్పుడో ఒకప్పుడు గింజ అనే లెక్క మీద ఒక పావురం 45 నిమిషాల్లో పదివేలసార్లకి పైగా పొడిచింది. ఇంత చేసినా పెద్దవాళ్లకి నమ్మకం కుదరలేదు, 1944లో ఆపేశారు. ఒక్క పావురం కూడా బాంబులో వెళ్లలేదు. నాకు ఆ మాట చదివినప్పుడు గుండె కుదుటపడింది.

ఆ మిల్లు పైన ఒక రోజు, ఢిల్లీ నుంచి ఉత్తరం కోసం మనం చూసినట్టు వాళ్లు వాషింగ్టన్ కబురు కోసం ఖాళీగా కూర్చున్నారు. ఊరికే కూర్చోలేక ఒక పావురానికి చెక్క బంతిని ముక్కుతో తోసి బొమ్మల్ని పడగొట్టే ఆట నేర్పుదామనుకున్నారు. బంతిని తోస్తే గింజ ఇద్దామని కాచుక్కూర్చున్నారు. పావురం తొయ్యదు. అప్పుడు బంతి వైపు చూసినా ఇద్దాం అనుకున్నారు. కొన్ని నిమిషాల్లోనే అది బంతిని అటూ ఇటూ గోడలకేసి కొడుతోంది. పనిని ముక్కలు చేసి, చేత్తోనే నేర్పడం అంత సులువని అప్పటిదాకా వాళ్లకీ తెలియదు. నేను బొట్టుదానికి చేసింది అదే. ఆ పావురాల్ని స్కిన్నర్ వదల్లేదు, తన దగ్గరే ఉంచుకున్నాడు. ఆరేళ్ల తర్వాత గురి చూపిస్తే తడుముకోకుండా పొడిచాయి. ఆయన మాట ఎప్పుడో ముగిసిపోయింది. వాటి మాట మిగిలే ఉంది.

ఇదంతా విని ఏ జీవికి ఏదైనా నేర్పొచ్చు అనుకోకండి. ఆ మిల్లులో పనిచేసిన బ్రెలాండ్ దంపతులు తర్వాత జంతువులకి ఆటలు నేర్పే వ్యాపారం పెట్టారు, వేల జంతువులకి నేర్పారు. పందికి చెక్క నాణేలు నోట కరిచి తెచ్చి హుండీలో వెయ్యడం నేర్పారు. బాగానే వేసేది. కొన్ని వారాలకి నాణేన్ని దారిలో పడేసి ముట్టెతో తవ్వడం మొదలెట్టింది. ఎత్తడం, విసరడం, తవ్వడం. హుండీ దాకా రాదు, తిండి రాదు, ఆకలి పెరిగితే ఇంకా తవ్వేది. తవ్వుకుని తినడం పంది పుట్టుక. 1961లో ఈ సంగతి దాచుకోకుండా రాశారు. స్కిన్నర్ కూడా 1948లో ఎనిమిది పావురాలకి అవేం చేసినా చెయ్యకపోయినా 15 సెకన్లకోసారి గింజలిస్తే ఆరింటికి వింత అలవాట్లు పట్టాయని రాశాడు. ఒకటి గుండ్రంగా తిరిగేది, ఒకటి తల మూలకి నెట్టేది. మూఢనమ్మకం ఇలాగే పుడుతుందన్నాడు. 1971లో ఇంకో ఇద్దరు మళ్లీ చేసి చూసి, గింజ పడే వేళ దగ్గరయ్యేకొద్దీ పావురాలన్నీ దాదాపు ఒకే పని చేస్తున్నాయని, అది తిండి కోసం వాటి సహజమైన తీరేనని అన్నారు. పెద్దాయన అన్నాడని ఆగకు తల్లీ, నీ ఎదురుగా ఉన్నదాన్ని చూడు.

ఇప్పుడు నేను మీకు చెప్పాలనుకున్న అసలు ముచ్చట. ఈనస్ అని చింపాంజీ. మనుషుల్ని భూమి చుట్టూ తిప్పే ముందు అమెరికా వాళ్లు దాన్ని తిప్పారు. 1,250 గంటల పైన శిక్షణ ఇచ్చారు. లోపల దానికి వేర్వేరు పనులు, వేర్వేరు లెక్కలు. ఒక మీట యాభైసార్లు లాగితే అరటిపండు ఉండ. ఇంకోటి లాగి, ఇరవై సెకన్లు ఓపిక పట్టి లాగితే నీళ్లు. మూడు బొమ్మల్లో రెండు ఒకలాగ, ఒకటి వేరుగా ఉంటాయి, వేరుగా ఉన్నదాని మీట లాగాలి. తప్పు లాగితే అరికాలికి కరెంటు షాకు. ఇది నాకు ఎప్పుడూ నచ్చలేదు. బొట్టుదానికి మేము ఎన్నడూ షాకు పెట్టలేదు.

1961 నవంబరు 29న రాకెట్టులో పైకి పంపారు. మొదటి చుట్టు బాగానే నడిచింది. తర్వాత ఆ మూడు బొమ్మల పనిలో ఒక మీట చెడిపోయింది. సరైనది లాగినా షాకే. పదుల కొద్దీ షాకులు తగిలాయి. బయట చూసేవాళ్లు లేరు, చెప్పుకోడానికి నోరు లేదు. ఏం చేసిందనుకుంటున్నారు? తప్పు మీటకి మారిపోలేదు. పని మానలేదు. నేర్పింది నేర్పినట్టే, సరైన మీటనే లాగుతూ వచ్చింది. మూడు చుట్లు అనుకున్నవాళ్లు వ్యోమనౌకలో ఇబ్బందులొచ్చి రెండు చుట్లకే దింపేశారు. సముద్రంలోంచి బతికే తీశారు. ఏడాది తిరక్కుండానే, 1962 నవంబరులో, రక్త విరేచనాలతో చచ్చిపోయింది. మీ పుస్తకాల్లో ఉంటుంది చూడండి, జాన్ గ్లెన్ భూమి చుట్టూ తిరిగాడని, అది 1962 ఫిబ్రవరి. ఈనస్ వెళ్లొచ్చిన మూడు నెలల్లోపే. ఆ దారి ముందు నడిచింది ఎవరో పిల్లలకి చెప్పరు.

నేను ఇది చదివిన రోజు రేకు గిన్నె నాకిన చప్పుడే గుర్తొచ్చింది. నలభై మూడు నొక్కి మూలకి పోయిన బొట్టుది, షాకులు తింటూ సరైన మీటే లాగిన ఈనస్. ఎక్కడా వాటి లెక్క తప్పలేదు.

ఇంకో తప్పు కూడా చెప్పాలి, దాచుకుంటే ఈ కథ సగమే అవుతుంది. మీట నొక్కాలంటే ఎలుకకి ఆకలి ఉండాలి. అందుకని కడుపు నిండా తినే ఎలుకని తూచి, ఆ బరువులో ఎనభై ఐదు శాతం దగ్గర నిలబెడతారు. బొట్టుది 220 గ్రాములుండేది, 187 దగ్గర నిలిపాను. పెట్టెలో తిన్న ముక్కలు చాలవు, సాయంత్రం తూచి మిగతా తిండి బోనులో వెయ్యాలి. అది మన పని, ఎలుక చేతిలో లేదు. ఒక సాయంత్రం స్నేహితురాళ్లు సినిమాకి రమ్మన్నారు, తిండి వెయ్యకుండా వెళ్లిపోయాను. పొద్దున్న తూస్తే 176. బోను దగ్గరికి చెయ్యి పెడితే వేలు పట్టుకుంది, కొరకలేదు, పట్టుకునే ఉంది. మాస్టారు నన్నేమీ అనలేదు. తూకం పుస్తకం ముందు పెట్టి, ఆ రోజు గడిలో 176 అని, ఎందుకో కూడా నా చేత రాయించారు. ఆ రోజు ప్రయోగం లేదు, కడుపు నిండా పెట్టు అన్నారు.

ఏడాది చివర మా కోర్సు అయిపోయింది. ఎలుకల్ని పక్క విభాగానికి ఇచ్చేశారు. అక్కడ వాటిని కోస్తారని నాకు తెలుసు. నేను వెళ్లి అడగలేదు, చూడలేదు. యాభై ఏళ్లయింది, అడిగి ఉండాల్సిందని ఇప్పటికీ అనుకుంటాను.

ఇప్పుడు రోజులు కొంత మారాయి. జంతువుల మీద క్రూరత్వ నివారణ చట్టం 1960దే అయినా, 1998 నియమాలు వచ్చాక ఏ సంస్థలోనైనా ముందు నీతి సంఘం ఒప్పుకుంటేనే ప్రాణిని ముట్టుకోవాలి. ఎన్ని కావాలి, ఎందుకు కావాలి, తర్వాత ఏం చేస్తారు అన్నీ రాసివ్వాలి. మంచి పని జరిగింది. కానీ సాయంత్రం ఆరింటికి బోను ముందు నిలబడేది సంఘం కాదు, నువ్వు.

కాబట్టి తల్లీ, నేను అడిగేది ఇంతే. కాగితం మీద అనుమతి ఉంది కదా అని ఊరుకోకు. లెక్క పెంచేటప్పుడు మెట్టు మెట్టుగా పెంచు, అది ఆగిపోతే అద్దం మీద కొట్టకు, నీ లెక్క చూసుకో. యంత్రం గింజ వదులుతోందో లేదో రోజూ పొద్దున్నే నీ చేత్తో నొక్కి చూడు. సాయంత్రం ముందు వాటిని తూచి, తిండి వేసి, పుస్తకంలో రాసి, ఆ తర్వాతే నువ్వు భోజనానికి వెళ్లు. పని అయిపోయాక వాటిని ఎక్కడికి పంపుతున్నారో అడుగు.